పాత ప్లేట్లలో పుట్టిన కొత్త పాట

సంగీతము పుట్టుటకు కంఠమైనను కావలెను, వాద్యమైనను కావలెనని మన నమ్మకము. ఇతరులు పాడి, వాయించి, అచ్చొత్తించి, అమ్ముకొనగా మిగిలిన గ్రామఫోను రికార్డులే వాద్యములుగా ఒక సంగీతము పుట్టినదన్నచో వినుటకు వింతగా ఉండును. కాని అట్టి సంగీతమొకటి కలదు. దాని పేరు హిప్‌హాప్. దాని జన్మస్థానము అమెరికాలోని న్యూయార్కు నగరమున బ్రాంక్స్ అను ప్రాంతము. దాని వయస్సు ఇప్పటికి ఏబది సంవత్సరములు దాటినది.

ఆ పేరు వినగానే మనలో పెద్దలకు తట్టునవి కోపపు మాటలు, బంగారు గొలుసులు, గోడలదరు మోత. ఆ అభిప్రాయమును కొంచెముసేపు ప్రక్కనుంచి ఆ సంగీతపు బాల్యమును గురించి వినుడని శ్రోతలను కోరుచున్నాను. 1973 మొదలు సుమారు 1983, 84 వరకు సాగిన తొలి దశను అక్కడివారు ఓల్డ్ స్కూల్ అందురు. మనము పాత బాణీ అనుకొనవచ్చును. ఇటీవల ఆ పాత బాణీని వెదకి వినువారును, ఆ రికార్డులను ప్రేమతో సేకరించువారును పెక్కుమంది కనబడుచున్నారు. వారి ఆనందము మనకు అర్థము కావలెనన్నచో ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ సంగీతమును మొదట సృష్టించినవారు కూడ రికార్డులు సేకరించినవారే.

1973 ఆగస్టు 11వ తేదీ రాత్రి, బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూ మీద 1520 నంబరుగల పెద్ద కట్టడములో, అందరును వాడుకొను ఒక గదిలో సిండీ క్యాంబెల్ అను బాలిక చిన్న వేడుక ఏర్పాటు చేసినది. బడి తెరచునాటికి కొత్త బట్టలు కొనుక్కొనుటకు నాలుగు డబ్బులు కూడబెట్టవలెనని ఆమె ఉద్దేశము. రికార్డులు వేయు పనిని అన్నయగు క్లైవ్‌కు అప్పగించినది. జమైకా ద్వీపములోని కింగ్‌స్టన్‌లో పుట్టి, 1967లో న్యూయార్కు చేరిన ఆ పదునెనిమిదేండ్ల యువకుడే కూల్ హర్క్ అను పేరుతో చరిత్రకెక్కినాడు.

హర్క్ రికార్డులను వినినంత శ్రద్ధగా నర్తకులను చూచినాడు. పాట మొదటినుండి చివరివరకు వారు ఒకే తీరున ఆడుటలేదు. ఏదో ఒక ఘట్టము కొరకు కాచుకొనియున్నారు. గాయకుడు ఊరకుండి, తీగ వాద్యములు ఆగి, డ్రమ్ములు మాత్రమే మ్రోగు ఆ ఘట్టమును బ్రేక్ అందురు. మన కచేరీలోని తని ఆవర్తనముతో దానిని పోల్చవచ్చును. మన సభలలో తని మొదలుకాగానే కాఫీకి లేచిపోవువారు కొందరు కలరు. బ్రాంక్స్‌లో దీనికి విరుద్ధము. అంతవరకు గోడలకానుకొని నిలిచినవారు సరిగా అప్పుడే నడుమకు వచ్చెడివారు.

చిక్కేమనగా, ఆ ఘట్టము కొన్ని సెకండ్లకన్న మించి ఉండదు. హర్క్ దీనికొక ఉపాయము కనుగొన్నాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు కొని, రెండు యంత్రములమీద ప్రక్కప్రక్కన వేసినాడు. మొదటిదానిలో డ్రమ్ముల ఘట్టము ముగియునప్పటికి రెండవదానిలో అదే ఘట్టము ప్రారంభించును. అది ముగియులోపల మొదటిదానిని వెనుకకు త్రిప్పి సిద్ధముగా ఉంచును. ఈ విధముగా పది సెకండ్ల వాద్యము పది నిమిషములైనను సాగును. ఒకే రికార్డు రెండు మారులు కొనువానిని చూచి ఇరుగుపొరుగులు నవ్వుకొనవచ్చును. కాని ఒక కొత్త సంగీతమునకు ఆ రెండవ ప్రతియే పునాది అయినది.

హర్క్ ఎన్నుకొన్న రికార్డులు కూడ ఆలోచింపదగినవి. అపాచీ అను వాద్యగీతమును చూడుడు. దానిని రచించినవాడు జెర్రీ లోర్డన్ అను ఆంగ్లేయుడు. 1960లో షాడోస్ అను ఇంగ్లండు బృందము దానిని వాయించి పేరుపొందినది. 1973లో ఇంక్రెడిబుల్ బాంగో బ్యాండ్ అను పేరుతో కొందరు స్టూడియో వాద్యకులు దానిని మరల రికార్డు చేసినారు. బాంగో అనగా చేతులతో వాయించు జంట డ్రమ్ములు. ఆ రికార్డును లోకము అంతగా పట్టించుకొనలేదు. అందులోని డ్రమ్ముల ఘట్టమును హర్క్ పట్టుకొన్నాడు. అంగడిలో మూలబడిన సరుకు బ్రాంక్స్ వేడుకలకు మంగళవాద్యమువంటిదైనది. దేనికి ఎంత విలువ అని కంపెనీవారు ఎన్నియో లెక్కలు వేయుదురు. ఇక్కడ మాత్రము విలువ కట్టినది ఒక శ్రోత చెవి.

తన రహస్యము ఇతరులకు తెలియకుండుటకు హర్క్ రికార్డులను నీటిలో నానబెట్టి వాటి నడుమనుండు పేరుపట్టీలను ఊడదీసెడివాడు. పోటీవారు వచ్చి తొంగిచూచినను ఏ పాటయో తెలియదు. తెలియవలెనన్నచో తామే అంగడులు తిరిగి, వందల రికార్డులు విని కనుగొనవలసినదే. మన్‌హాటన్‌లో డౌన్‌స్టెయిర్స్ రికార్డ్స్ అను అంగడికి ఈ యువకులు తరచు వచ్చుచుండిరి. ఈనాటికిని సేకరణాసక్తులు పాత అంగడులలో దుమ్ముపట్టిన పెట్టెలముందు మోకాళ్లమీద కూర్చుండి వ్రేళ్లతో ఒక్కొక్క రికార్డును వెనుకకు త్రోయుచు వెదకుటలో గల సంబరమునకు మూలము ఇదియే.

ఇట్టి సంగీతము బ్రాంక్స్‌లోనే ఏల పుట్టవలెను? 1970 దశాబ్దములో ఆ ప్రాంతపు దక్షిణభాగము దుఃస్థితిలో నుండెను. అంతకుముందే పెద్ద రహదారి కొరకు వేలకొలది ప్రజలను ఇండ్లనుండి కదలించియుండిరి. తరువాత కట్టడములు ఒకదాని వెంట ఒకటి తగులబడినవి. 1975లో నగర ప్రభుత్వమే దివాలా అంచునకు చేరి బడులలో ఉపాధ్యాయులను తగ్గించినది. అట్టిచోట పియానో, ట్రంపెట్ వంటి వాద్యములు పేదపిల్లలకు అందుట దుర్లభము. కాని తల్లిదండ్రులు కష్టార్జితముతో కొనుక్కొన్న రికార్డులు పెక్కు ఇండ్లలో ఉండెను. పిల్లలు ఆ రికార్డులనే వాద్యములుగా చేసికొన్నారు.

జోసెఫ్ శాడ్లర్ అనునతని కథ దీనికి చక్కని ఉదాహరణము. బార్బడోస్ ద్వీపములో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన ఇతడే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. తండ్రి తన రికార్డులను అల్మరాలో పెట్టి ఎవ్వరును ముట్టరాదని ఆజ్ఞాపించినాడు. బాలుడు ముట్టకుండ ఉండలేదు, దెబ్బలును తిన్నాడు. వృత్తివిద్యా పాఠశాలలో ఎలెక్ట్రానిక్స్ చదువుకొని, ఆ జ్ఞానమును రికార్డులకు వినియోగించినాడు. ఒక రికార్డు సభకు వినబడుచుండగా రెండవదానిని తాను మాత్రమే చెవులకు తగిలించుకొని వినుటకు సాధనము కూర్చుకొన్నాడు. ఘట్టము ఎక్కడ మొదలగునో రికార్డుమీద రంగు పెన్సిలుతో గీత గీసి, ఎన్ని చుట్లు వెనుకకు త్రిప్పవలెనో లెక్క పెట్టుకొన్నాడు. రికార్డు చేతికి తేలికగా జారవలెనని దానిక్రింద గంజి పట్టించి బిరుసెక్కించిన బట్టను చక్రముగా కత్తిరించి వేసినాడు. గంజి, రంగు పెన్సిలు, గుడ్డముక్క — ఇంటిలో దొరకు వస్తువులతోనే ఒక శాస్త్రము ఏర్పడినది.

1975 ప్రాంతమున థియొడోర్ అను బాలుడు తన గదిలో రికార్డులు వేయుచుండగా మోత ఎక్కువైనదని తల్లి వచ్చి మందలించినదట. ఆమె మాటలు వినుటకై రికార్డును చేతితో ఆపి అటునిటు కదల్చుచుండగా చెవులలో వినబడిన గీరుచప్పుడు అతనికి నచ్చినది. దానిని సాధనచేసి లయబద్ధము చేసినాడు. అదియే స్క్రాచ్ అను ప్రక్రియ. రేడియో ఉద్యోగులకు ఈ కథ విన్నచో గుండె గుభేలుమనును. మా స్టూడియోలలో రికార్డుమీద ముల్లు గీరిన చప్పుడు శ్రోతలకు వినబడినచో ఉద్యోగి సంజాయిషీ వ్రాసికొనవలసినదే. మేము దోషమనుకొన్న చప్పుడును ఆ బాలుడు వాద్యముగా మార్చినాడు.

ఇక మాట సంగతి. మొదట వేడుకలలో రికార్డు వేయువాడో, అతని ప్రక్కనున్నవాడో వచ్చినవారిని పేరుపెట్టి పలుకరించి, ఉత్సాహపరచు మాటలు చెప్పెడివాడు. క్రమముగా ఆ మాటలకు అంత్యప్రాసలు వచ్చినవి, అవి డ్రమ్ముల నడకకు కుదిరినవి, కథలైనవి. దీనినే రాప్ అందురు. ఒకరినొకరు సవాలు చేసి సభలో ఆశువుగా పలుకుట కూడ అందులో భాగము. ఆశుకవిత్వమునకు చప్పట్లు కొట్టిన జాతికి ఈ విద్య కొత్తగా తోచవలసిన పనిలేదు.

ఆరేండ్లపాటు ఈ సంగీతము వేడుకలలోను, చేతులు మారు క్యాసెట్లలోను మాత్రమే ఉండెను. 1979లో సిల్వియా రాబిన్సన్ అను గాయని తన షుగర్ హిల్ కంపెనీ ద్వారా రాపర్స్ డిలైట్ అను రికార్డు విడుదల చేసినది. పదునాలుగు నిమిషములకు పైబడిన ఆ పాట దేశదేశములలో మారుమ్రోగినది. ఇందులో ఒక విచిత్రము కలదు. రికార్డులనుండి పుట్టిన సంగీతము మొదటిసారి లోకప్రసిద్ధి పొందిన ఆ రికార్డులో, షిక్ బృందమువారి గుడ్ టైమ్స్ పాటలోని వరుసను స్టూడియో వాద్యకులు మరల వాయించినారు. అందులోని కొన్ని పంక్తులు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అను బ్రాంక్స్ కవివి. అతని పేరు రికార్డుమీద లేదు. షిక్ బృందపు కర్తలు అభ్యంతరము చెప్పిన పిమ్మట వారి పేర్లు చేరినవి. కాజ్ పేరు చేరలేదు.

అసలు విద్య ఎట్టిదో తెలిసికొనగోరువారు 1981లో ఫ్లాష్ విడుదల చేసిన వీల్స్ ఆఫ్ స్టీల్ అను రికార్డు వినవలెను. మూడు యంత్రములమీద పలు రికార్డులను అప్పటికప్పుడు కలిపి వాయించిన ఏడు నిమిషముల కచేరీ అది. మరుసటియేట అతని బృందము పేర వచ్చిన ది మెసేజ్ పేదల బస్తీలోని జీవితమును సూటిగా వర్ణించినది. వేడుక పాట వార్తాపత్రికవలె మాటలాడుట అక్కడ మొదలైనది. అమెరికా జాతీయ గ్రంథాలయము ప్రకటించిన భద్రపరుపదగిన ధ్వనిముద్రణల మొదటి పట్టికలో, అనగా 2002 సంవత్సరపు పట్టికలో, ది మెసేజ్ కూడ చేరినది.

రేడియో పాత్రను కూడ చెప్పవలెను. న్యూయార్కులోని డబ్ల్యు.బి.ఎల్.ఎస్. కేంద్రమునుండి మిస్టర్ మ్యాజిక్ అను ప్రసారకుడు ఈ పాటలకే ప్రత్యేకముగా ఒక కార్యక్రమము ప్రారంభించినాడు. పిల్లలు రాత్రులు మేలుకొని ఆ ప్రసారములను క్యాసెట్లలో పట్టుకొనెడివారు. ఆనాటి ప్రసారములు కొన్ని ఈనాడు వినుటకు దొరకుచున్నవన్నచో అది ఆ శ్రోతల పుణ్యమే.

పాత బాణీ ముగిసిన తరువాత యంత్రములు మారినవి. 1987లో వచ్చిన ఎస్.పి. 1200 అను పరికరము పది సెకండ్ల ధ్వనిని తనలో దాచుకొనగలదు. రికార్డులోని చిన్న తునకను అందులో పట్టి, ఎన్ని మారులైనను మ్రోగింపవచ్చును. ఇక రెండవ ప్రతితో పనిలేదు. కాని మంచి తునకను వెదకు చెవి మాత్రము కావలసినదే. అక్కడే ఒక ధర్మసందేహమును పుట్టినది. ఆ తునకను మొదట వాయించినవాని మాటేమి?

1969లో విన్‌స్టన్స్ అను బృందము ఒక రికార్డు చేసినది. మొదటివైపు పాటకు గ్రామీ బహుమానము వచ్చినది. రెండవవైపు ఆమెన్ బ్రదర్ అను వాద్యగీతము ఉండెను. అందులో గ్రెగరీ కోల్మన్ అను డ్రమ్ము వాద్యకుడు సుమారు ఆరు సెకండ్లు ఒంటరిగా వాయించినాడు. 1986లో బ్రేక్‌లను ఏరికూర్చిన ఒక సంకలనములో ఆ పాట చేరిన పిమ్మట ఆ ఆరు సెకండ్లు వేలకొలది పాటలలో ప్రవేశించినవి. కోల్మన్‌కు దానివలన ప్రతిఫలము ముట్టలేదు. 2006లో అతడు పేదరికములో మరణించినాడు. 2015లో బ్రిటనులోని అభిమానులు చందాలు వేసికొని సుమారు 24,000 పౌన్లు ఆ బృందనాయకుడగు రిచర్డ్ స్పెన్సర్‌కు సమర్పించినారు. కోల్మన్ చేతికి మాత్రము ఏమియు అందలేదు.

న్యాయస్థానములును ఊరకుండలేదు. 1991లో బిజ్ మార్కీ అను రాప్ కళాకారుడు అనుమతి లేకుండ ఒక పాట తునకను వాడుకొనగా న్యూయార్కు న్యాయమూర్తి దానిని దొంగతనముగా ఎంచి తీర్పు చెప్పినాడు. నాటినుండి ప్రతి తునకకు ముందుగా అనుమతియు, రుసుమును అవసరమైనవి. మన దేశమునకును ఈ వ్యవహారముతో సంబంధము కలిగినది. 1981 నాటి జ్యోతి అను హిందీ చిత్రములో లతా మంగేష్కర్ పాడిన పాటను 2002లో ట్రూత్ హర్ట్స్ అను గాయని రికార్డులో అనుమతి లేకుండ చేర్చినారు. సంగీతదర్శకుడగు బప్పీ లాహిరి వ్యాజ్యము వేయగా, ఆయన పేరు చేర్చనిదే ఆ రికార్డును అమ్మరాదని లాస్ ఏంజెలీస్ న్యాయస్థానము 2003లో ఉత్తరువిచ్చినది.

అయినను చట్టము బిగిసిన కొలది మరియొక నష్టము సంభవించినది. డె లా సోల్ అను ముగ్గురు యువకుల బృందము 1989లో త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్ అను ఆల్బము వెలువరించినది. అందులో ఎందరివో పాత పాటల తునకలు కలవు. ఆనాడు వ్రాసికొన్న అనుమతిపత్రములు ఇంటర్నెట్ ద్వారా వినిపించుటకు వర్తించునో లేదో తేలలేదు. 2010 సంవత్సరపు జాతీయ పట్టికలో ఈ ఆల్బము కూడ చేరినది. జాతి భద్రపరుపదగినదని పేరుపొందినను, ఇంటర్నెట్ సంగీత సేవలలో అది సంవత్సరములతరబడి దొరకలేదు. తుదకు 2023 మార్చి 3వ తేదీన వచ్చినది. ముగ్గురిలో ఒకడగు డేవిడ్ జోలికూర్ ఆ దినము చూడకయే, అంతకు మూడువారముల ముందు కన్నుమూసినాడు. ఆ సంవత్సరములన్నిటిలోను ఆ సంగీతము వినగలిగినవారు ఎవరు? ఇంటిలో రికార్డో, క్యాసెట్టో, డిస్కో ఉంచుకొన్నవారే.

సేకరణ అనునది డబ్బున్నవారి వ్యసనమని తేలికగా తీసివేయువారు ఈ సంగతి గమనింపవలెను. ఎక్కడినుండియో వినిపించు పాట ఒప్పందము మారిననాడు మాయమగును. బీరువాలోని రికార్డు ఎవరి అనుమతియు లేకుండ పలుకును. పైగా దానిమీద కొంత చరిత్ర అచ్చుపడి ఉండును. పేరుపట్టీమీద రచయిత, కంపెనీ, సంవత్సరము ఉండును. పాట ముగిసినచోట, పట్టీకి చుట్టునున్న నున్నని భాగములో, రికార్డు కోసినవారు గీసిన సంఖ్యలును, కొన్నిమారులు పొడి అక్షరములును ఉండును. వాటినిబట్టి ఇది మొదటి ముద్రణయో, తరువాతిదో నిపుణులు చెప్పగలరు. ఒక్క పాటయే ఉన్న పండ్రెండంగుళముల రికార్డులో గాడులు ఎడముగా ఉండును. అందుచేత డ్రమ్ము, బేస్ ధ్వనులు నిండుగా పలుకును. పాత బాణీ పాటలు ఎక్కువగా ఆ ఆకారములో వచ్చుటకు ఇదియొక కారణము.

వినైల్ రికార్డు కాలముతీరిన వస్తువని ఒకప్పుడు అందరును తీర్మానించినారు. జపానువారి టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 అను యంత్రము 1972లో ఇండ్లలో వినువారికొరకు పుట్టి, డి.జె.లకు అభిమానవాద్యమై, 2010లో నిలిచిపోయి, 2016లో మరల వచ్చినది. అమెరికాలో 2022లో అమ్ముడైన వినైల్ ఆల్బముల సంఖ్య సి.డి.ల సంఖ్యను మించినది; 1987 తరువాత ఇట్లు జరుగుట అదే మొదటిసారి. కొనుచున్నవారిలో ఆ పాటలు విడుదలైననాటికి పుట్టనివారును కలరు.

మన ఇండ్లలోను అటకలమీద పాత రికార్డులు కొన్ని ఇంకను ఉండవచ్చును. హరికథయో, నాటకపద్యములో, సినిమా పాటలో కావచ్చును. వాటిని పడుకోబెట్టి దొంతరగా పేర్చక నిలువుగా ఉంచుడు. మన ఎండలకు వినైల్ వంగిపోవును గనుక కిటికీకి దూరముగా పెట్టుడు. గాడులను వ్రేళ్లతో తాకక అంచులు పట్టుకొనుడు. మెత్తని బ్రష్‌తో దుమ్ము తుడిచి, ఎన్నడును వేయని రెండవవైపును ఒకమారు వేసి వినుడు. వెనుక తబలా ఎవరిది, ఫిడేలు ఎవరిది అని పేరుపట్టీమీద చూడుడు. పేరు లేకున్నచో ఇంటిలోని పెద్దలను అడుగుడు. వారికి తెలిసినయెడల, ఆ పేరును ఒక చీటిమీద వ్రాసి రికార్డు అట్టలో ఉంచుడు.